ఆర్పినవాళ్ళే వెలిగించాలి

పైడితల్లి వంటిల్లు అంటుకుంటే, ఊరి మీద కాపలా తిరిగే డ్రోన్లు, ఆ మరతూనీగలు, నీళ్ళు కుమ్మరించి క్షణంలో ఆర్పేసి ఎగిరిపోయాయి. ఆమె వణుకుతూ తడి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

అప్పలసూరి అగ్గిపెట్టెతో వచ్చాడు. ఒకప్పటి ఊరి అగ్గిదళంలో మిగిలింది అతనొక్కడే.

"ఆర్పీసినాయి గదా మావా, ఇంకెందుకొచ్చినావు?"

"ఆర్పడం సగం పనే అమ్మీ."

బిందెలు అందించుకుంటూ మంటలార్పిన రోజుల్లో, కాలిన ఇంటి పొయ్యి మళ్ళీ వెలిగించి, అందరూ టీ తాగాకే దళం కదిలేది. ఇంటివాళ్ళ వణుకు తగ్గేది అప్పుడే.

అతను పుల్లలు పేర్చి వెలిగించాడు. పొగ లేవగానే, కాలిన ఇంటికప్పు మీదికి తూనీగలు మళ్ళీ రొదపెడుతూ వచ్చి నీళ్ళు కుమ్మరించాయి.

పైడితల్లి గబుక్కున లేచి, గొడుగు తెచ్చి పొయ్యి మీద పట్టింది. తను తడుస్తూనే అడిగింది:

"పంచదార ఎంతెయ్యాల మావా?"