కదపరాని మేకులు

ఠంగ్.

ఉక్కు మీద వేలి కణుపు తగిలిన చప్పుడు. తలుపు తీయకముందే నిరంజన్ చెవిన పడింది.

చేతిలోని కరక్ చాయ్ తొణికింది.

మళ్ళీ, ఠంగ్.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి తాను ఉంచిన జర్మన్ హెల్మెట్. దాని మీదికి వంగి, గదులు తుడిచే మనిషి. నీలం యూనిఫాం, చంకలో మాప్ కర్ర, నెరిసిన తల.

"ఏయ్! ఎవరు ముట్టుకోమన్నరు నిన్ను?"

ఆ మనిషి ఉలిక్కిపడలేదు. తలెత్తి చూశాడంతే.

"తెలుగువారాండి?"

"ముందు చెయ్యి తియ్!"

తీశాడు. తీసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"దీనికి సంతకం పెట్టకండి బాబుగారూ. ఇది అసలుది కాదండి."

నిరంజన్‌కు ఒళ్ళు మండింది.

దోహాలో, ముషైరిబ్‌లోని ఆ వేలం సంస్థలో పాత యుద్ధసామగ్రి అసలుదో, నకిలీదో తేల్చి చెప్పేది అతనొక్కడే. 1916 నాటిదని వచ్చిన ఆ హెల్మెట్‌ను నెల రోజులుగా పరిశీలించాడు. అంచున కొట్టిన ముద్ర చూశాడు, తుప్పు చూశాడు, రంగు పొరలు చూశాడు, బరువు తూచాడు. సాయంత్రం నాలుగింటికి ధ్రువపత్రం మీద సంతకం. ఆ సంతకంతోనే అది విదేశపు మ్యూజియానికి వెళ్తుంది. ఆ సంతకంతోనే అతని పేరు దోహా దాటుతుంది.

ఇప్పుడు మాప్ కర్ర పట్టుకున్నవాడొచ్చి కాదంటాడా!

"నీకెట్ల తెలుసు?"

"తెలుసండి."

"అదే, ఎట్ల? జర్మనీల చదివినవా?"

"లేదండి. ఏడో తరగతండి."

"మరి?"

ఆ మనిషి నేల చూశాడు.

"అదొక్కటీ అడక్కండి. లోపలి తోలుపట్టీని పట్టి ఉంచే మేకులున్నాయి చూడండి. అవి తీసి, పట్టీ వెనకాల చూడండి. అంతేనండి నేను కోరేది."

నిరంజన్ నవ్వాడు. కోపం ముదిరితే వచ్చే నవ్వు.

ఈ విద్యలో మొదటి పాఠమే అది: మేకు కదపరాదు. వందేళ్ళుగా కదలని మేకే హెల్మెట్‌కు ప్రాణం. కదిలిందా, విలువ సగానికి పడిపోతుంది. కదిపినవాణ్ణి పాతవస్తువులు సేకరించేవాళ్ళెవరూ మళ్ళీ గడప తొక్కనివ్వరు.

"మేకులు తీయాల్నా? నేల తుడువుమంటే నాకు పాఠం చెప్తున్నవా?"

"పాఠం కాదండి. చిన్నవారు మీరు. రేపు తేలిందంటే మీ పేరు పోద్దండి."

"నా పేరు సంగతి నీకెందుకు? యల్లా, బయటికి నడు!"

"నా డ్యూటీ పోయినా పర్లేదండి బాబుగారూ. ఒక్క మేకు..."

"పోతది. అదీ చూపిస్త!"

పది నిమిషాల్లో, తుడిచేవాళ్ళ సూపర్‌వైజర్ ఇక్రాముద్దీన్ ఫిర్యాదు కాగితంతో వచ్చాడు. నిజామాబాద్ మనిషి, నిరంజన్ ఎదురైతే నవ్వకుండా ఉండడు. ఆరోజు నవ్వలేదు.

"మంచి మనిషి సార్. ఎనిమిదేండ్లల్ల ఒక్క కంప్లైంట్ లేదు. జర సోంచాయించుండ్రి."

"సోంచాయించుడు అయిపోయింది. కాగితం ఇటియ్యి."

"పేరు గిట్ల సరిగ్గున్నదో చూడుండ్రి సార్."

"పేరుతోని నాకేం పని? ఐదో అంతస్తు తుడిచేటోడు. అంతే."

చదవకుండానే సంతకం చేశాడు. నాలుగింటికి ధ్రువపత్రం మీద, ఈసారి అక్షరం అక్షరం చదివి మరీ, ఇంకో సంతకం చేశాడు.

మూడు రోజుల తరువాత కారిడార్‌లో ఇక్రాముద్దీన్ ఎదురుపడ్డాడు.

"ఆయన నౌకరి పోయింది, పొద్దుగాల ఇంటి ఫ్లైట్ ఎక్కిండు సార్. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు రూంల పెట్టె సర్దుకుంట గూడ మీ ముచ్చటనే. 'ఆ బాబు మేకు తీశాడా?' అని నన్నే అడిగిండు."

"ఇంకా వదల్లేదా ఆ పిచ్చి!"

చేతిలోని ఫైలును గోడకు కొట్టినంత పని చేశాడు నిరంజన్.

వారం తిరక్కుండా మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. ధ్రువపత్రం అందిందట. అయినా పట్టీ వెనుక భాగం ఫొటో కావాలట. మేకులు తీయడానికి హెల్మెట్ యజమానిని కూడా ఒప్పించారట.

"అందరికీ ఆ మేకుల మీదనే కన్ను!" చిందులు తొక్కాడు నిరంజన్. "నా సంతకం చాలదా వాళ్ళకు?"

"చాలదనే కదా అడిగింది," అంది శిఫా. తోలు వస్తువులు బాగుచేసే లక్నో అమ్మాయి. "కాస్త జరుగు భాయ్‌సాబ్. నీ కోపం పక్కన పెట్టి, నన్ను మేకులు తియ్యనీ."

ఒక మేకు వచ్చింది. రెండోది మొరాయించి వచ్చింది. మూడోది పట్టుకోగానే ఊడింది.

శిఫా తోలుపట్టీని వెనక్కి తిప్పి, దీపం దగ్గరికి లాగి, కళ్ళు చిట్లించింది.

"వేడి సూదితో ఏదో రాశారు. జర్మన్ కాదే! గుండ్రంగా ఉన్నాయి... నిరంజన్, ఇవి మీ అక్షరాలు కదూ?"

వంగి చూశాడు.

తెలుగు. తొణకని చేతివ్రాత. ఒక్కొక్క అక్షరం తోలులోకి దిగి ఉంది.

'సినిమా షూటింగు కోసం హైదరాబాదులో చేసిన టోపీ. యుద్ధంలోది కాదు. అసలుదని ఎవరైనా అమ్మితే కొని మోసపోవద్దు. చేసినవాడు...'

ఆ కింద రెండు మాటలు.

"ఏం రాశారు? చదువు!"

నిరంజన్ సొరుగు లాగి, ఫిర్యాదు నకలు తీశాడు. తాను చూడకుండా వదిలేసిన పేరు గడి చూశాడు. పట్టీ చూశాడు. మళ్ళీ గడి చూశాడు.

"నిరంజన్, ఎవరు చేశారట దీన్ని?"

అతను ఎనిమిదేళ్ళలో ఆ అంతస్తులో ఎవరూ పిలవని పేరును పైకి పలికాడు: "నేతల జడ్సన్."