ముందు మీరే రండి

"మందు మార్చనంటే మార్చను మేడం. మీకు పుణ్యముంటుంది, నన్నిలా వదిలేయండి" అన్నాడు టైలరు, బిళ్ళల సీసాను జేబులోకి కుక్కుకుంటూ.

లింఫోమా, అంటే మెడలోనూ చంకల్లోనూ గడ్డలు కట్టే ఆ మాయదారి క్యాన్సరు మీద, జుట్టు నెరిసేదాకా పరిశోధన చేసిన మనిషి డాక్టరమ్మ. ఆవిడ కనిపెట్టిన కొత్త మందునూ, ఎప్పట్నుంచో వాడుతున్న పాత మందునూ ఒకేలాంటి సీసాల్లో నింపి రోగులకిచ్చి చూస్తున్నారు. ఎవరికేది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియకూడదు. ఆ లెక్క ఇవాళ పొద్దున తేలింది. కొత్త మందు గెలిచింది. ఆస్పత్రిలో వాళ్ళంతా వరసగా వచ్చి చేతులు కలిపి వెళ్ళారు. ఆవిడ మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"మీ సీసాలో ఉన్నది పాత మందండీ. దాంతో గడ్డలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తున్నాయి. రేపట్నుంచి కొత్తది వేసుకోండి."

"నాకిదే అమృతంలా పనిచేస్తోంది కదా! కావాలంటే మీరే చూసుకోండి" అని మెడ ముందుకు చాపాడు.

ఇన్ని నెలలూ టైలరు వస్తున్నాడంటే చాలు, ఆవిడ పక్కగదిలోకి తప్పుకునేది. పరీక్షలన్నీ జూనియరు చేతే చేయించింది. ఇవాళ తప్పలేదు. దవడ కింద, చెవి వెనక, భుజం పైన నొక్కి నొక్కి చూసింది. ఒకప్పుడు నిమ్మకాయలంత గడ్డలున్న చోట ఏమీ లేదు. మెడ నున్నగా ఉంది.

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పాత మందు కూడా కొందరికి బాగా పనిచేస్తుంది. ఈయన ఆ అదృష్టవంతుల్లో ఒకడన్నమాట! తన నెత్తిన పడాల్సిన పాపాన్ని దేవుడే పక్కకు తోశాడు. ఆ సంతోషంలోనే, ఎక్కడ దాక్కుందో ఏమో, ఏడుపు ముంచుకొచ్చింది.

"అయ్యయ్యో, ఏమైంది మేడం?"

"మీకు ద్రోహం చేశానండీ."

"మీరా! భలేవారే. మొదటిరోజు నీరసంగా ఉన్నానని, ఇదే జబ్బుతో వరసలో నా ముందున్న మీ సొంత తమ్ముణ్ణి కూడా ఆపి, 'ముందు మీరే రండి' అన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం, పెద్ద మనసని."

ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"పెద్ద మనసూ కాదు, పాడూ కాదు. ఎవరికి ఏ మందో అంటించిన కవర్లలో రాసి ఉంటుంది. వరసలో ఎవరు ముందొస్తే పైకవరు వాళ్ళది. ఆ రోజు మా తమ్ముడిది ముందు. నేను ఆ కవరును కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. పాత మందు అని కనబడింది. దాని కిందది కొత్త మందు. అమ్మ పోతూ పోతూ వాణ్ణి నా చేతుల్లో పెట్టిందండీ. వాడికి పాత మందిచ్చేందుకు నాకు చేతులు రాలేదు. అందుకే మిమ్మల్ని ముందు పిలిచాను. మీకు రావాల్సిన మందు వాడు మింగుతున్నాడు."

గుక్క తిప్పుకోకుండా చెప్పేసి తల వంచుకుంది. తిట్టినా పడదామనే అనుకుంది.

టైలరు తిట్టలేదు. జేబులోంచి సీసా తీసి దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

"అదన్నమాట సంగతి!" అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"ఆ రోజు మీరు కిటికీ దగ్గరున్నంతసేపూ మీ తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి మిమ్మల్నే చూస్తున్నాడు మేడం. తర్వాత నేను గేటు బయట బస్సు కోసం నిలబడితే పరిగెత్తుకుంటూ వచ్చాడు. తన సీసా నా చేతిలో పెట్టి నాది తీసుకున్నాడు. 'ఈ సీసా మీది నంబరు నాకు అచ్చిరాదన్నా, మార్చుకుందాం' అన్నాడు. ప్రతినెలా అంతే. మీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. చదువుకున్నవాడికి ఇదేం చాదస్తమా అనుకున్నాను."

"అబద్ధం!" ఆవిడ దిగ్గున లేచింది. "గడ్డలన్నీ కరిగిపోయాయక్కా అని వాడే చెప్పాడు. మొన్న ఆదివారం కూడా నవ్వుతూ భోంచేసి వెళ్ళాడు. సొంత తమ్ముణ్ణి నేను చూడకూడదని పరీక్షలు వేరేచోట పెట్టారు గానీ... వాడు బాగానే ఉన్నాడండీ! మీకేమైనా వేరేగా కనబడిందా?"

టైలరు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

"చొక్కాలు నా దగ్గరే కుట్టించుకుంటాడు మేడం. మెడంతా మూసుకుపోయేలా కాలరు పెట్టమంటాడు. పోయినవారం ఆ కాలర్లన్నీ మళ్ళీ వదులు చేసిచ్చాను."