తీగ కింద మనిషి

"దిగున్రి. నడిచి దాటి, అవుతల మల్ల ఎక్కున్రి."

పెద్దవంగర రోడ్డు మీద ఒక నడివయసు మనిషి జీపును ఆపి, పైన కూర్చున్నవాళ్లను దించుతున్నాడు.

ఫైబర్ కేబుల్ పని చూస్తున్న ఇంజనీరు సరోజనకు విసుగు వచ్చింది. పొద్దుటి నుంచి ఇదే వరస.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు లేవు. జనం జీపుల నెత్తినెక్కి ప్రయాణిస్తున్నారు. లారీలు కదలక, రోడ్డు పక్కన నాటవలసిన స్తంభం ఒకటి జనగామలోనే ఆగిపోయింది. అది లేకుండానే కేబుల్‌ను రోడ్డుకు అడ్డంగా కట్టవలసి వచ్చింది. ఆసరా లేక నడుమ వేలాడుతోంది.

సరోజన ఆ మనిషి దగ్గరికి నడిచింది.

"బండ్లెందుకు ఆపుతున్నవన్నా?"

"నీ తీగ కిందికున్నది మేడం."

"కొలిచే కట్టినం. బస్సు పోయేంత జాగా ఉన్నది."

"బస్సులేవి?" అతను నవ్వాడు. "జీపు మీద నిలబడ్డోడు బస్సు కంటె ఎత్తుంటడు."

"ఎర్రగుడ్డ కట్టినం గద."

"ముందటికి చూసేటోనికి కనవడ్తది. ఎనుకకు మొకం పెట్టి కూసున్నోనికో? జర గుంజరాదు?"

ఆమె కేబుల్ బిగువు చూపే మీటరు వైపు చూసింది. ముల్లు హద్దు దగ్గరే ఉంది.

"ఇంక గుంజితే లోపటి గాజుపోగులు తెగుతయి. వదిలితే ఇంకింత దిగుతది. రేపు స్తంభమొస్తది, అప్పుడు లేపుతం."

"సరే. రేపటిదాక నేనుంట."

"నీకేం పని లేదా?"

"ఇప్పుడైతే లేదు."

లైన్‌మన్ మాన్‌సింగ్ గొంతు తగ్గించి అన్నాడు: "ఖాళీగున్నోనికి పెత్తనం దొరికింది మేడం."

సరోజనకూ అలాగే తోచింది.

మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. అప్పటికే అతను ఒక ట్రాక్టరును ఆపి ఉన్నాడు.

"రాస్తారోకోనా?" అంటూ జమేదారు అతని చొక్కా పట్టుకున్నాడు. తర్వాత సరోజన వైపు తిరిగాడు. "మీ మనిషేనా మేడం?"

అతను ఆమెనే చూస్తున్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం సరోజనకు అలవాటు.

"కాదు," అంది.

జీపెక్కుతూ అతను ఒక్క మాటే అన్నాడు: "తొవ్వ మీద బండ్లను చూస్తుండు మేడం."

ఆ దుమ్ము ఇంకా అణగకముందే ఎదురుగా మరో జీపు కనబడింది. పైన ఒక యువకుడు నిలబడి, వెనక్కి తిరిగి జెండా ఊపుతున్నాడు.

సరోజన తలెత్తి చూసింది. ఎండకు సాగి, కేబుల్ పొద్దుటికంటే కిందికి దిగింది. ఎర్రగుడ్డ ఆ యువకుడి మెడ ఎత్తున ఊగుతోంది.

ఆమె రోడ్డు మధ్యకు పరుగెత్తి, చేతులు చాచి నిలబడింది.

జీపు ఆమెకు బారెడు దూరంలో ఆగింది.

"సావనీకొచ్చినవా?" డ్రైవర్ అరిచాడు.

"పైనున్నోళ్లంత దిగేదాక బండి కదలది," అంది సరోజన.

గొణుక్కుంటూ దిగారు. యువకుడు కేబుల్‌ను చూసి మెడ తడుముకున్నాడు.

సరోజన మాన్‌సింగ్‌ను పిలిచింది.

"బండి తీస్కొని స్టేషన్‌కు పో. ఆయన మన మనిషే అని చెప్పు."

"ఇందాక కాదంటిరి గద మేడం?"

"తప్పు చెప్పిన్నని చెప్పు. ఆయన వచ్చేదాక ఇక్కడ నేనుంట."

"పేరడిగితే?"

సరోజన జీపు దిగినవాళ్ల వైపు తిరిగింది.

జీపులోంచి అందరికంటే వెనుక దిగిన ముసలామె ఎల్లక్క, నడుం పట్టుకుని అక్కడే ఆగింది.

"పొద్దుగాల నన్ను చెయ్యి పట్టి దాటిచ్చినాయన గురించేనా బిడ్డా?"

"ఆయనే అవ్వా. నీకు ఎరికేనా?"

"ఎరుకలేకేంది? ప్రేమ్‌సింగ్. గీ తొవ్వల మా బస్సు నడిపేటోడు. సమ్మెకని బస్సు ఆపిన కాడికెల్లి, మేమెక్కిన జీపుల ఎంబడి గిట్లనే తిరుగుతుండు."