పక్క కుర్చీ

గోడ మీది పోస్టరుకు చెయ్యి ఆనించి ఒకావిడ నిలబడి ఉంది.

బొరామ్ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఆ పోస్టరు బొరామ్ రాసిందే. నిలువెత్తు కాగితం మీద, తన చేత్తో, తన పేరు పెట్టి రాసింది. విందు అని పిల్చి, ఆ తర్వాత అద్దెకిచ్చే కరోకే పాటల గదిలో మా అనే ప్రొఫెసర్ తనను ఏం చేశాడో అందులో ఉంది. అతికించిన మర్నాటి నుంచి ఎవరో దాన్ని చింపుతూనే ఉన్నారు.

"దొరికింది," అంది పక్కనున్న జూనియర్ సుల్గి మెల్లగా. "ఆయన భార్యే అయ్యుంటుందక్కా."

"నీకెలా తెలుసు?"

"చేతిలో చూడు, జ్యూస్ సీసాల డబ్బా. రాజీకి వచ్చేవాళ్లు ఒట్టి చేతులతో వస్తారా? ఇప్పుడు మోకాళ్ల మీద పడుతుంది. పట్టుకోకముందే కాళ్లు వెనక్కి లాక్కో."

బొరామ్‌కు నవ్వు రాలేదు.

వారం నుంచి తెలియని నంబర్ల ఫోన్లు. ఆయన ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందని ఒకరు. నీకు మాత్రం పేరు పోదా అని ఒకరు. విసిగిపోయి నిన్న ఫోను కట్టేసింది.

కాసేపట్లో కాలేజీ కమిటీ ముందు విచారణ. ఫిర్యాదు చేసినవాళ్ల పక్కన నమ్మకమైన మనిషి ఒకరు కూర్చోవచ్చు. అడగరాని ప్రశ్న అడిగితే ఆ మనిషి ఆపవచ్చు.

ఆ కుర్చీలోకి బొరామ్‌కు ఎవరూ దొరకలేదు. మొక్పో రేవులో చేపలమ్మే తల్లికి సంగతే తెలియదు. సుల్గి థీసిస్ ఆ ప్రొఫెసర్ చేతిలోనే ఉంది.

"గుమ్మం దాకా వస్తానక్కా. లోపలికి మాత్రం అడక్కు," అని ముందే చెప్పేసింది.

ఆ ఉదయం ప్రార్థనలో బొరామ్ అడిగింది ఒకటే. పక్కన కూర్చోవడానికి ఒక్క మనిషి.

గబగబా వెళ్లి ఆవిడ ముందు నిలబడింది. "చెయ్యి తియ్యండి."

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. అరవైకి దగ్గరపడిన మనిషి. ఇస్త్రీ చేసిన బూడిదరంగు కోటు, మణికట్టుకు చెక్కపూసల జపమాల.

"బొరామ్ అంటే నువ్వేనా తల్లీ? అన్నం తిన్నావా?"

"నా తిండితో మీకేం పని? మీరెందుకొచ్చారో నాకు తెలుసు."

ఆవిడ ముఖం కాస్త వెలిగింది. "తెలుసా? చెప్పారన్నమాట. అయితే..."

"మీ ఇంటి మనిషిని మీరు చూసుకోలేక, ఇప్పుడు నా దగ్గరికొచ్చారా?"

ఆ వెలుగు ఆరిపోయింది. జపమాలను వేళ్లతో పట్టుకుని అడిగింది.

"నేను దగ్గరుంటే నీకు కష్టమా?"

"కష్టం. నాతో రావద్దు, మాట్లాడొద్దు. ఆ డబ్బా కూడా నాకొద్దు."

"సరే తల్లీ. వద్దంటే వద్దు."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి దారిచ్చింది.

ఇన్నాళ్లలో తన 'వద్దు'ను ఒక్కసారికే విన్న మనిషి ఈవిడే. ఆ సంగతి మెట్లెక్కుతుంటే బొరామ్‌కు తట్టింది. అంతలోనే మరిచిపోయింది.

లోపల బల్లకు అవతల ముగ్గురు.

"మీ పక్కన ఎవరూ లేరా?" అడిగాడు అధ్యక్షుడు, మర్యాదగానే.

"లేరు."

"పాటల గదికి మీ కాళ్లతో మీరే నడిచి వెళ్లారు కదా?"

"అందరూ వెళ్లారు. ప్రొఫెసర్ రమ్మంటే..."

"మర్నాడు 'క్షేమంగా చేరారా సర్' అని ఆయనకు మీరే మెసేజ్ పెట్టారు. మీరు చెబుతున్నది జరిగాక ఎవరైనా అలా అడుగుతారా?"

బొరామ్ పక్కకు చూసింది. ఖాళీ కుర్చీ.

"సరే, ఎక్కడ, ఎలా పట్టుకున్నారో లేచి నిలబడి చూపించండి."

బొరామ్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్లు లేవలేదు. నాలుక కదలలేదు.

అడిగిన ముగ్గురి ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు. గుమ్మం దాటి రాగానే ఆ సంగతి ఎలా మరిచిపోతారో.

"ఇంక చెప్పాల్సిందేమీ లేదనుకోవచ్చా?"

బొరామ్ తల వాలిపోయింది. అధ్యక్షుడు దాన్ని ఔననుకున్నాడు. అసలు చెప్పవలసింది చెప్పకుండానే విచారణ ముగిసింది.

వరండాలో ఛే మేడం ఎదురుచూస్తోంది. కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునేది ఆమే.

"ఒక్కదానివే వస్తున్నావేం? ఆవిడేది?"

"ఎవరు?"

"పొద్దున మెసేజ్ పెట్టానుగా, పక్కన కూర్చోవడానికి మనిషి దొరికిందని. నువ్వు సరేనంటేనే లోపలికి వస్తానంది. బూడిదరంగు కోటులో, నీ పోస్టరు దగ్గర నిలబడతానంది."

బొరామ్ మెట్ల వైపు తిరిగింది.

"ఆ పోస్టరు ఎన్నిసార్లు చింపినా మళ్లీ అతికిస్తున్నది ఆవిడే. నువ్వు చూళ్లేదా?"

బొరామ్ మెట్ల మీద నుంచి పరుగెత్తింది.

పోస్టరు చిరుగు మీద కొత్త టేపు తళతళలాడుతోంది. ముడత లేకుండా, వేలితో నొక్కి నొక్కి అతికించారు. కింద, గోడ వారగా, జ్యూస్ డబ్బా. గేటు దాకా చూసినా బూడిదరంగు కోటు ఎక్కడా లేదు.

వెనకాలే ఆయాసపడుతూ ఛే మేడం వచ్చింది.

"ఆవిడ... ప్రొఫెసర్ భార్య కాదా?"

ఛే మేడం ఆమెను వింతగా చూసింది. వంగి, డబ్బాను రెండు చేతులతో ఎత్తుకుంది.

"ఎనిమిదేళ్ల కిందట అదే విచారణ గదిలో, అదే ప్రొఫెసర్ గురించి, పక్కన ఎవరూ లేకుండా ఒక్కతే కూర్చుని చెప్పి, ఆ సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్లని అమ్మాయికి తల్లి."