గైడు పెట్టిన పరీక్ష

"మామ్మగారూ, ఇక్కడ దారి రెండుగా చీలింది. పొద్దున గుడారం నుంచి ఎటువైపుగా వచ్చామో చెప్పండి చూద్దాం," అన్నాడు గైడు.

తిరుగుదారిలో ఇలా అడగడం నాలుగోసారి. ఆ ఎడారిలో ఎర్రకొండలన్నీ ఒక్క కాన్పు పిల్లల్లా ఉన్నాయి. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతోంది. గైడుకీ, నాకూ, నా మనవరాలికీ కలిపి అరసీసా నీళ్లు మిగిలాయి.

"ఎడమవైపు," అన్నాను టక్కున. "ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. నాకే పరీక్షలా?"

"మా అమ్మమ్మని ఓడించడం మీవల్ల కాదు!" అంటూ మనవరాలు నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎడమవైపే నడిచాం. కాసేపటికి నిలువెత్తు బండ అడ్డొచ్చి దారి మూసుకుపోయింది.

గైడు వీపుమీది బ్యాగు దించి, దానిమీదే కూలబడ్డాడు. "క్షమించండి మామ్మగారూ. అది పరీక్ష కాదండీ. రెండో మలుపు దగ్గరే నేను దారి తప్పాను. మీరు టక్కున చెప్పేస్తుంటే, మీకు గుర్తుందని నమ్మి మీ వెనకాలే వచ్చాను."

మనవరాలికి వినబడకుండా వంగి, అతని చెవిలో చెప్పాను:

"నేను చెప్పినవన్నీ ఊహించి చెప్పినవే నాయనా. తప్పయితే నువ్వు దిద్దుతావనుకున్నాను."