అరువు జ్వరం

"ప్రణీత్!" అని నర్సు పిలిచింది.

ప్రణీత్ లేవలేదు. పక్క కుర్చీలో ఉన్న యజ్ఞనారాయణను మోచేత్తో పొడిచి, "నిన్నేరా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఓ, నేనే కదూ," అంటూ యజ్ఞ లేచాడు. లేచినవాడు కాస్త తూలాడు. నటన బాగానే కుదురుతోందని ప్రణీత్ లోలోపల మురిసిపోయాడు.

సంగతి ఏమిటంటే, ఆదివారం రెండు షిఫ్టులు చేసి వచ్చిన ప్రణీత్ మొద్దునిద్ర పోయి సోమవారం పరీక్షకు వెళ్లలేదు. శుక్రవారం సాయంత్రంలోగా డాక్టర్ నోట్ తెస్తేనే మళ్లీ రాయనిస్తామన్నారు కాలేజీవాళ్లు. అప్పటికే ఒక సబ్జెక్టు పోయి ఉంది. ఇదీ పోతే సీటు పోతుంది, సీటు వెంట స్టడీ పర్మిటూ పోతుంది. నోట్ రాయించుకుందామంటే ప్రణీత్‌ది గుండ్రాయిలాంటి ఒళ్లు. వాళ్లుండే బేస్‌మెంట్‌లో జ్వరమున్నవాడు యజ్ఞ ఒక్కడే. చంకలో సెగ్గడ్డ లేచి మూడు రోజులుగా మూలుగుతున్నాడు.

"వేడి చేసిందిరా, అంతే. మజ్జిగ తాగితే పోద్ది," అన్నాడు యజ్ఞ ఆ పొద్దున.

"పోయేలోపల ఒక్క గంట ఆ జ్వరం నాకు అరువియ్యిరా. నా ఇన్సూరెన్స్ కార్డు పట్టుకొని నా పేరు చెప్పు. దానిమీద ఫొటో గూడ లేదు."

"కనిపెట్టేస్తారేమోరా బాబూ."

"వీళ్లకు మనమంతా ఒక్కతీరే కనవడతం. నడువ్."

కెనడాలోని ఈ సార్నియాలో బస్సు తప్పితే ఇంకో బస్సు కోసం ఎదురుచూడటం దండగ. నలభై నిమిషాలు మంచులో నడిపించుకొచ్చాడు. దారిలో యజ్ఞ రెండుసార్లు ఆగి కరెంటు స్తంభం పట్టుకున్నాడు. "గింత యాక్షన్ ఇప్పుడే ఎందుకురా, ఆస్పత్రి ఇంకా రాలే," అని ప్రణీత్ నవ్వాడు.

లోపల నర్సు జ్వరం చూసింది. పెద్దగా లేదు. ప్రణీత్ ఉసూరుమన్నాడు. ఆమె మాత్రం యజ్ఞ ఊపిరి తీసే తీరు కాసేపు గమనించి, మాటలు తగ్గించింది. రక్తం తీసి పంపింది. మంచం ఎక్కించింది.

గంట తిరక్కుండా డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది.

"జ్వరం ఒక్కటే చూస్తే ఇంటికి పంపేసేవాళ్లం. రక్తం వేరే సంగతి చెబుతోంది. లాక్టేట్ బాగా పెరిగింది. ప్రోకాల్సిటోనిన్ కూడా అలాగే ఉంది. గడ్డలోని ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోంది. దీన్ని సెప్సిస్ అంటారు. ఇప్పుడే మొదలైంది కాబట్టి ఆపగలం. రేపైతే ఏమో చెప్పలేను. తీసుకొచ్చి మంచిపని చేశావు," అంది ప్రణీత్‌తో.

ఆ మెచ్చుకోలుకు ప్రణీత్ తల దించుకున్నాడు. మంచం మీద యజ్ఞ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు ఎండి తెల్లగా అయ్యాయి. స్తంభం దగ్గర తను నవ్విన నవ్వు తనకే వినిపించింది.

డాక్టరమ్మ తెర మీద చదివింది. "ప్రణీత్‌కు రెండు నెలల క్రితం గొంతు నొప్పికి ఇక్కడే పెన్సిలిన్ ఇచ్చాం. పడింది. ఇప్పుడూ ఆ జాతి మందే ఎక్కిస్తున్నాం. ఏ మందైనా పడకపోవడం ఉందా? అతను పలకడం లేదు, నువ్వే చెప్పాలి."

ప్రణీత్ తెర మీది తన పేరు వైపు చూశాడు. ఆ గొంతు నొప్పి తనది. పెన్సిలిన్ పడింది తనకు. యజ్ఞకు పడదు. కిందటేడు ఊరినుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క గొట్టం మాత్రకు యజ్ఞ ముఖం గుమ్మడికాయలా ఉబ్బి ఊపిరాడకపోతే, అంబులెన్స్ పిలిచి ఇదే ఆస్పత్రికి తెచ్చింది తనే.

పడదంటే, మొన్న ఎలా పడిందని అడుగుతుంది. అడిగితే పేరు బయటపడుతుంది. పేరు బయటపడితే కాలేజీ, పర్మిటు, తిరుగు విమానం.

"ఉందా?" డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

"లేదు," అన్నాడు ప్రణీత్.

నర్సు మందు సంచి తెచ్చి కొక్కేనికి తగిలించింది. గొట్టం తెచ్చి యజ్ఞ చేతి సూదికి బిగించింది. ఆమె వేలు గొట్టం మీద మందు వదిలే చిన్న చక్రాన్ని తాకింది.

"ఆపండి!" అని ప్రణీత్ అరిచి ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు. "వాడికి అది పడదు. వాడు ప్రణీత్ కాదు. నేను ప్రణీత్."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. "అతని పేరు స్పెల్లింగ్ చెప్పు," అంది కీబోర్డు మీద చేతులు పెట్టి.

"వై, ఏ, జె, ఎన్..." చెబుతుంటే పేరు ఎంతకీ తరగలేదు. అయిపోయాక తెర మీద పెన్సిలిన్ పడదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. సంచి దింపేసి, వేరే మందు తెచ్చారు.

శనివారం మధ్యాహ్నానికి రక్తంలో అంకెలు దిగాయి. యజ్ఞ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"నోట్ ఇచ్చారా?" అదే అతని మొదటి మాట.

"నోట్ ముచ్చట ఇడిసిపెట్టురా. అసలు పేర్లు చెప్పేసిన. సోమవారం కాలేజీకి పోయి అంతా ఒప్పుకుంట. ఏదైతే అదైతది."

"ఎప్పుడు చెప్పావు?"

ప్రణీత్ కిటికీ వైపు తిరిగాడు. "ఎప్పుడేందిరా? మందు పడుతదా అని డాక్టరు అడగంగనే చెప్పిన. నీకంటె ఎక్కువనా నాకు పర్మిటు?"

యజ్ఞ కాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు. తర్వాత సూది ఉన్న చేత్తోనే ప్రణీత్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆవిడ అడిగినప్పుడు నేను మెలకువగానే ఉన్నానురా."