నలభై కోట్ల సూర్యులు

తొమ్మిదోసారి కూడా పదకొండే వచ్చింది.

మంజుల కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే నరేశ్‌కు ఫోన్ చేసింది. అతను ఆమెకంటే ముందు అదే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

ఒక దూరపు గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం నలభై కోట్ల సూర్యులంత బరువని ప్రొఫెసర్ భిక్షం ఇరవై ఏళ్ల కిందట లెక్కగట్టారు. ఆయనకు పేరు తెచ్చింది ఆ అంకే. అవార్డులు వచ్చిందీ దానికే. మంజుల లెక్కలో మాత్రం అది పదకొండు కోట్లే.

ఆమె ఆ మాట చెప్పగానే నరేశ్ గొంతు తగ్గించాడు. సార్ ప్రతి విద్యార్థికీ ముందు ఆ గెలాక్సీనే ఇస్తారని, తనతో కలిపి నలుగురు దానిమీద పనిచేశారని, కొలత మొదలుపెట్టే చోటు కాస్త జరిపితే నలభై వస్తుందని చెప్పాడు.

"మరి నీకు మొదలు ఎంతొచ్చింది అన్నా?"

"గా అంకె నాకు యాదికి లేదు చెల్లె. సార్ గీ నెలాఖరుకు రిటైర్ అయితుండు. నీకు సంతకం కావాల్నా, వద్దా?"

కావాలి. థీసిస్ మీద ఆయన సంతకం లేకపోతే కొత్త గైడును వెతుక్కోవాలి, ఇంకో రెండేళ్లు పోతాయి. చౌటుప్పల్‌లో మగ్గం నేస్తూ ఇల్లు నడుపుతున్న తల్లి పుష్ప, మందుల కంపెనీలో ప్యాకింగుకు మనుషుల్ని తీసుకుంటున్నారని వారానికోసారి గుర్తు చేస్తూనే ఉంది. మంజుల జరిగింది చెబితే, పోగు తప్పినచోటి దాకా విప్పుకోక తప్పదంది. అయితే అది వేరేవాళ్లు నేసిన బట్టయితే తాను చెయ్యి పెట్టనని కూడా అంది.

మంజుల పదకొండు అనే రాసి సార్‌కు పంపింది.

మూడు రోజులకు ఆయన నల్గొండ యూనివర్సిటీకి రమ్మన్నారు. ఆయన గది అప్పటికే సగం ఖాళీ అయింది, పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. తప్పెక్కడుందో చెప్పమన్నారు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు వేగాన్ని బట్టి దాని బరువు తెలుస్తుంది. పాత లెక్కలో, దాని చుట్టుపక్కల నుంచి బయటికి ఎగజిమ్మే వాయువును కూడా తిరిగేదాంట్లో కలిపేశారని ఆమె వివరించింది.

"నీకంటె ముందు నలుగురు చేసిన్రు. నలుగురూ నలభయ్యే తెచ్చిన్రు," అన్నారాయన.

"వాళ్లకు గూడ పదకొండే వచ్చి ఉంటది సార్."

"అంటే నా పిల్లలు దొంగ లెక్కలు రాసిన్రంటవా?"

"భయపడి ఉంటరు సార్. నాకు గూడ భయమే."

"మరి నువ్వెందుకు మార్చలే?"

"నేను మారిస్తె దాని బరువు మారదు గద సార్."

ఆయన నవ్వలేదు. రెండు గంటలపాటు ప్రతి మెట్టు దగ్గరా ఆపి గుచ్చిగుచ్చి అడిగారు. ఇది అచ్చయితే తన ఇరవై ఏళ్ల పేరు ఏమవుతుందో తెలుసా అన్నారు. తెలుసంది. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదనుకుని ఆమె కాగితాలు సర్దుకుంటుండగా, ఆయన వాటిని తనవైపు లాక్కుని సంతకం చేశారు. తర్వాత ఒక అట్టపెట్టె తెరిచి నోటుబుక్కు తీసిచ్చి, వ్యాసం పత్రికకు పంపేటప్పుడు అందులోని చివరి పేజీని జతచేయమన్నారు.

బస్టాండులో కూర్చున్నాక మంజుల దాన్ని తెరిచింది. ఎగజిమ్మే వాయువును పక్కకు తీసేసి, అచ్చం తను చేసినట్టే ఒక్కో మెట్టూ దిగుతూ, చివర పదకొండు కోట్లు అని ఆయన చేతిరాత. తన లెక్క చేరాక ఈ మూడు రోజులూ కూర్చుని సరిచూసుకున్నారన్నమాట, అనుకుంది. గుండె తేలికపడింది.

కింద వేసిన తేదీ పన్నెండేళ్ల కిందటిది.